ఫర్‌మార్క్ పాసైంది, ఆట మొదలుపెడితే రీస్టార్ట్: ఒక గేమింగ్ పీసీ కేస్ స్టడీ

ముందు మెషిన్ వివరాలు. ప్రాసెసర్ రైజన్ 7 5800ఎక్స్, బీ550 మదర్‌బోర్డు, 16 జీబీ చొప్పున రెండు డీడీఆర్4 3600 ర్యామ్ స్టిక్కులు, ఆర్‌టీఎక్స్ 3080 10 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. ఎస్‌ఎంపీఎస్ (కరెంటుని పీసీ భాగాలకు కావాల్సిన వోల్టేజీల్లోకి మార్చి ఇచ్చే డబ్బా) 650 వాట్లు, 80 ప్లస్ గోల్డ్, మాడ్యులర్ (కేబుళ్లు విడిగా తీసి పెట్టుకునే రకం). ఇది పాతది. జీటీఎక్స్ 1660 కార్డుతో నాలుగేళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. కార్డు మార్చినప్పుడు దీన్ని మార్చలేదు. ఇల్లు విజయవాడలో.

ఫిర్యాదు ఇది: ఆట ఆడుతుండగా స్క్రీన్ ఒక్కసారిగా నల్లబడి, పీసీ తనంతట తానే మళ్లీ ఆన్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు. బ్రౌజింగ్, వీడియోలు, ఆఫీసు పని ఎంతసేపు చేసినా ఏమీ కాదు. పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటల్లో ఒక్కోసారి అయిదు నిమిషాలకే, ఒక్కోసారి రెండు గంటలకు. 144 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకి 144 ఫ్రేములకి) లాక్ చేసి ఆడే తేలికపాటి షూటర్ ఆటల్లో మాత్రం అసలు రావడం లేదు.

మా దగ్గరికి వచ్చేసరికే దీని మీద చాలా ప్రయత్నాలు జరిగిపోయాయి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు, డ్రైవర్లు మార్చారు, థర్మల్ పేస్ట్ కొత్తది వేశారు, ర్యామ్ కూడా కొత్తది కొన్నారు. కరెంటు హెచ్చుతగ్గుల వల్లేమోనని 1100 వీఏ యూపీఎస్ పెట్టారు. ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించిన టెక్నీషియన్ ఒకరు ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డు మీద గట్టిగా లోడు పెట్టి చూసే టెస్టు సాఫ్ట్‌వేర్) అరగంట నడిపి, ఆగలేదు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని తేల్చారు. ఈ కేసు ఇంతకాలం సాగడానికి అసలు కారణం ఆ చివరి నిర్ణయమే. స్థిరమైన లోడును తట్టుకున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు.

ఎలా ఆగుతోందో ముందు కనుక్కోవాలి

"రీస్టార్ట్ అవుతోంది" అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఏది జరుగుతోందో వాడేవాళ్లని అడిగి తేల్చుకోవాలి.

బ్లూ స్క్రీన్ క్షణం పాటు మెరిసి రీస్టార్ట్ అయితే అది విండోస్ తనకు తెలిసి వేసుకున్న ఆపు. డ్రైవర్, ర్యామ్, ఒక్కోసారి స్టోరేజీ వైపు వెళ్లాలి. బొమ్మ బిగుసుకుపోయి, శబ్దం ఒకే ముక్క దగ్గర గీ అంటూ ఉండిపోతే గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఓవర్‌క్లాక్ ముందు చూడాలి. స్క్రీన్ పోయి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో హోరెత్తుతూ, పీసీ మాత్రం ఆన్‌లోనే ఉంటే కార్డు లేదా దానికి వెళ్లే పవర్ కేబుల్. మొత్తం ఆరిపోయి, క్యాబినెట్ బటన్ నొక్కినా లేవకుండా, వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి వేస్తేనే లేస్తే ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ సర్క్యూట్ ట్రిప్ అయి లాక్ అయిందని అర్థం. ఏ సూచనా లేకుండా క్షణంలో రీస్టార్ట్ అయితే 12 వోల్టుల లైను కాసేపు కుంగి, ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే పవర్ గుడ్ సిగ్నల్ పడిపోయి ఉండవచ్చు. ఆ సిగ్నల్ పోతే బోర్డు ప్రాసెసర్‌ని రీసెట్ చేస్తుంది. సిగ్నల్ తిరిగి రాగానే మామూలుగా బూట్ అవుతుంది. విండోస్‌కి జరిగిందేమిటో రాసుకునే వ్యవధి కూడా ఉండదు.

ఈ పీసీలో ఎక్కువసార్లు జరిగింది చివరిది. "ఎప్పుడైనా అసలు లేవకుండా ఉండిపోయిందా?" అని అడిగితే, రెండు మూడుసార్లు ప్లగ్గు తీసి పెడితే గానీ ఆన్ కాలేదని చెప్పారు. మామూలుగా ఎవరూ తమంతట తాము చెప్పని సంగతి ఇది, అడిగితేనే బయటికొస్తుంది. ఈ రెండు లక్షణాలూ ఒకే పీసీలో కలిసి కనిపిస్తే ర్యామ్, విండోస్‌ల కన్నా ముందు పవర్ వైపు చూడాలి.

ఈవెంట్ వ్యూయర్ ఏం చెప్పింది

మొదటి పని, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లోని స్టార్టప్ అండ్ రికవరీలో "ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ చేయి" అన్న టిక్కు తీసేయడం. అసలు బ్లూ స్క్రీన్ వచ్చేదైతే ఇక అది స్క్రీన్ మీద నిలబడిపోతుంది. టిక్కు తీసినా ఈ పీసీ అలాగే రీస్టార్ట్ అయింది. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌లో (బ్లూ స్క్రీన్ వివరాలు దాచే ఫోల్డర్‌లో) ఒక్క ఫైలూ లేదు.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 వరసగా ఉన్నాయి. దీన్ని చూసి "కెర్నల్ పాడైంది" అనుకుని విండోస్ మార్చేవాళ్లు చాలామంది. 41 అంటే కారణం కాదు. పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని విండోస్ తర్వాతి బూట్‌లో రాసుకునే గుర్తు మాత్రమే. అందుకే దాని మీద కనిపించే సమయం పీసీ మళ్లీ లేచినప్పటిది. ఆగిన సమయం కావాలంటే పక్కనే ఉండే 6008 చూడాలి. 41లో పనికొచ్చే సమాచారమంతా డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉంటుంది. బగ్‌చెక్‌కోడ్ 0 కాకుండా వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చినట్టు, ఆ అంకె పట్టుకుని వెతకాలి. పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ 0 కాకుంటే ఎవరో బటన్ నొక్కి పట్టుకుని ఆపినట్టు. ఇక్కడ రెండూ 0. అంటే విండోస్‌కి తెలియకుండానే కరెంటు పోయింది, లేదా రీసెట్ పడింది.

తర్వాత హార్డ్‌వేర్ లోపాలను రాసే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఈవెంట్ల కోసం చూశాం. ఈవెంట్ 18 ఉండి, అందులో క్యాష్ హైరార్కీ ఎర్రర్ అని ఉంటే ఈ దారి మొత్తం మారిపోయేది: బయోస్‌లో పీబీఓ, కర్వ్ ఆప్టిమైజర్ (ప్రాసెసర్ వేగాన్ని, వోల్టేజీని సర్దే సెట్టింగులు) ఆపేసి, ర్యామ్‌ని 2133కి దించి ప్రాసెసర్ వైపు నడవాలి. రైజన్ 5000లో కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ మరీ ఎక్కువ పెట్టిన పీసీలు అచ్చం ఇలాగే చప్పుడు లేకుండా రీస్టార్ట్ అవుతాయి. ఇక్కడ 18 గానీ, పీసీఐఈ లోపాలు చూపే 17 గానీ లేవు.

అయినా బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని 3600 వేగంతో నడిపించే సెట్టింగు) ఆపి ఒకసారి ఆట నడిపించాం. అయినా రీస్టార్ట్ అయింది. మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులూ ఒక్క ఎర్రర్ లేకుండా పూర్తయ్యాయి. ర్యామ్ సంగతి అక్కడితో ముగిసింది.

వేడి కాదు

వేసవిలో వచ్చే ప్రతి రీస్టార్ట్‌నీ వేడి మీదకు నెట్టడం మన దగ్గర అలవాటు. సెన్సర్ రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అర సెకనుకో రీడింగు చొప్పున లాగింగ్ పెట్టి, ఆగేదాకా ఆట నడిపించాం. ఆగడానికి ముందరి చివరి వరసల్లో ప్రాసెసర్ 76 డిగ్రీలు, కార్డు 71, హాట్‌స్పాట్ 84, మెమరీ జంక్షన్ 94. 5800ఎక్స్ గరిష్ఠం 90, జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర వేగం తగ్గించుకుంటుంది. పైగా వేడెక్కితే ముందు క్లాక్ స్పీడు పడిపోతుంది, ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. అది ఎక్కడా కనిపించలేదు.

అదే లాగ్‌లో 12 వోల్టుల కాలమ్ కూడా ఉంటుంది. దాన్ని నమ్మి ఎస్‌ఎంపీఎస్ మంచిదనీ చెడ్డదనీ అనకూడదు. అది మదర్‌బోర్డు మీది మానిటరింగ్ చిప్ రీడింగు, బోర్డును బట్టి తేడా చూపిస్తుంది. కొలవాలంటే మల్టీమీటర్ కావాలి.

సగటు వాట్లు, శిఖరం వాట్లు

ఓనరు వేసిన లెక్క: కార్డు 320, ప్రాసెసర్ 105, కలిపి 425. 650 ఉంది, బోలెడంత మిగులు. ఈ లెక్కలో రెండు చోట్ల తేడా ఉంది. 105 వాట్లన్నది టీడీపీ, అంటే చల్లబరచడానికి లెక్కవేసిన అంకె, గరిష్ఠ వాడకం కాదు. 5800ఎక్స్ స్టాక్ సెట్టింగులో సాకెట్ నుంచి 142 వాట్ల దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, లైట్లకు మరో 50, 60. అంటే నిలకడగానే 520 దాకా పోతుంది. ఇంతవరకూ 650 సరిపోతుందనే అనుకోవచ్చు.

రెండో తేడా పెద్దది. 320 అన్నది సగటు. ఫ్రేము ఫ్రేముకీ పని పెరిగి తరిగినప్పుడల్లా ఈ తరం కార్డులు మిల్లీసెకండ్ల పాటు దీనికి చాలా పైకి ఎగురుతాయి. 3080 విషయంలో ఇది 400 వాట్లు సులువుగా దాటుతుంది, మిల్లీసెకండులోనూ చిన్న ముక్కల్లో చూస్తే ఇంకా పైకి. గోడ దగ్గర పెట్టే వాట్‌మీటర్‌కి ఇది కనిపించదు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోకీ కనిపించదు. బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో లైట్లు కుంగి మళ్లీ తేరుకున్నట్టే, ఆ కుదుపుకి 12 వోల్టుల లైను కుంగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు గట్టిగా ఉండి, ఓవర్ కరెంట్ ప్రొటెక్షన్ తొందరపడకుండా ఉంటే ఆ క్షణం గడిచిపోతుంది. లేకపోతే వోల్టేజీ పడి రీసెట్ అవుతుంది, లేదా ప్రొటెక్షన్ ట్రిప్ అయి లాక్ అవుతుంది.

ఫర్‌మార్క్ ఎందుకు పాసైందో ఇక్కడే తెలుస్తుంది. అది కార్డుని నేరుగా పవర్ లిమిట్‌కి తీసుకెళ్లి 320 దగ్గర కదలకుండా కూర్చోబెడుతుంది. ఎగుడుదిగుళ్లు తక్కువ. ప్రాసెసర్‌కి లోడు పెట్టే ప్రైమ్95, ఫర్‌మార్క్ రెండూ కలిపి నడిపినా, గోడ దగ్గర 570 వాట్లు చూపిస్తూ అరగంట పీసీ నిలబడింది. అదే యూనిజిన్ హెవెన్ అనే 3డీ బెంచ్‌మార్క్‌ని ఎఫ్‌పీఎస్ లాక్ లేకుండా తిప్పుతూ వదిలితే, ఒక సీను నుంచి మరో సీనుకి మారే చోట రీస్టార్ట్ అయింది. ఆటలోనూ ఆల్ట్ ట్యాబ్ కొట్టి డెస్క్‌టాప్‌కి వచ్చి వెనక్కి వెళ్లే క్షణం, లోడింగ్ స్క్రీన్ ముగిసే క్షణం, ఎఫ్‌పీఎస్ వందల్లోకి ఎగిరే మెయిన్ మెనూ, ఇవే దెబ్బ తగిలే చోట్లు. ఓసీసీటీ అనే టెస్టు సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు 3డీ అడాప్టివ్ టెస్టులో లోడుని ఎక్కించి దించే స్విచ్ మోడ్ వాడవచ్చు. పవర్ అనుమానం ఉన్న పీసీకి స్థిరమైన టెస్టు గంటల తరబడి నడపడం కన్నా ఇలాంటిది ఇరవై నిమిషాలు నడపడం మేలు.

ఇంతదాకా వచ్చాక ఖర్చు లేని ప్రయోగం ఒకటి ఉంది. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 70 శాతానికి తెచ్చాం, అంటే 224 వాట్లు. హెవెన్, ఆట రెండూ సాయంత్రం దాకా ఆగకుండా నడిచాయి. మళ్లీ 100కి పెట్టగానే రీస్టార్ట్ తిరిగొచ్చింది. జబ్బు కార్డు లాగే కరెంటుతో ముడిపడి ఉందని దీంతో ఖాయమైంది. కానీ తప్పు ఎస్‌ఎంపీఎస్‌దా, కేబుల్‌దా, కార్డుదా అన్నది ఈ ప్రయోగం చెప్పదు. కార్డు మీది వీఆర్ఎం (చిప్‌కి వోల్టేజీ సరిచేసి ఇచ్చే భాగం) బలహీనపడినా లిమిట్ తగ్గిస్తే ఇలాగే కుదుటపడుతుంది. చాలామంది ఇక్కడే ఆగి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేస్తారు. ఇంకో రెండు మెట్లు ఎక్కితే డబ్బు వృథా కాదు.

కేబుల్

కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉన్నాయి. రెండింటికీ కలిపి ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒకే కేబుల్ వచ్చింది, చివర రెండు తలలున్న రకం. 320 వాట్లలో స్లాట్ నుంచి వచ్చేది గరిష్ఠంగా 75. మిగతా 250 దాకా ఈ ఒక్క కేబుల్ మోయాలి. 12 వోల్టుల దగ్గర అది 21 ఆంపియర్లు, మూడు 12 వోల్టుల తీగలకు తలా 7. తీగ కాలిపోదు గానీ, పొడవు పొడవునా వోల్టేజీ తగ్గుతుంది.

మల్టీమీటర్ ప్రోబుల్ని కార్డు దగ్గరి కనెక్టర్ వెనక వైపు నుంచి, ఒకటి 12 వోల్టుల తీగ, ఇంకోటి గ్రౌండ్ తీగ లోపలికి వెళ్లే సందుల్లో దింపి కొలిచాం. ప్రోబులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. లోడు మీద ఉన్నప్పుడు ప్రోబ్ జారితే షార్ట్ అవుతుంది, కాబట్టి పీసీ ఆపి ప్రోబులు బిగించాకే ఆన్ చేయాలి. ఖాళీగా ఉన్నప్పుడు 12.08 వోల్టులు. ఫర్‌మార్క్ లోడులో 11.63. రెండు విడి కేబుళ్లు వేసి మళ్లీ కొలిస్తే 11.76. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైనుకి అయిదు శాతం అటూ ఇటూ, అంటే 11.40 దాకా ఒప్పుకోవచ్చు. ఆ లెక్కన రెండూ పాసే. కానీ మల్టీమీటర్ చూపేది సగటు. సగటే 11.63 దగ్గర ఉంటే శిఖరం వచ్చిన క్షణంలో ఎంత పడుతుందో చూడాలంటే ఆసిలోస్కోప్ ఉండాలి.

విడి కేబుళ్లతో రీస్టార్ట్‌లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. 225 వాట్లు దాటిన ఏ కార్డుకైనా సాకెట్‌కో విడి కేబుల్ వేయడం తప్పనిసరి అని మా అభిప్రాయం. అది ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదైనా సరే.

మార్చి చూడటం, తిరిగి పెట్టి చూడటం

బాగున్నట్టు తెలిసిన 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు పాత కేబుళ్లను ఉంచేసి డబ్బా ఒక్కటే మార్చకూడదు. కార్డు వైపు పిన్నులు అందరివీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కో రకం. ప్లగ్గు చక్కగా దూరుతుంది, ఆన్ చేయగానే హార్డ్ డిస్కులు పోవచ్చు.

పవర్ లిమిట్ 100, ఎక్స్‌ఎంపీ ఆన్, ఎఫ్‌పీఎస్ లాక్ లేదు. హెవెన్ రాత్రంతా తిరిగింది, మర్నాడు ఆట కూడా. ఏమీ కాలేదు. కార్డు లోపం కాదని దీంతో తేలింది. అక్కడితో బిల్లు వేయకుండా, పాత ఎస్‌ఎంపీఎస్‌ని అవే సెట్టింగులతో తిరిగి బిగించాం. గంట లోపే రీస్టార్ట్. విప్పి బిగించడంలో వదులుగా ఉన్న ఈపీఎస్ (ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే) కనెక్టర్ సరిగ్గా కూర్చుని జబ్బు పోయిందేమో అన్న అనుమానం ఈ తిరుగు పరీక్షతోనే తీరుతుంది. అదే పాత ఎస్‌ఎంపీఎస్‌ని 120 వాట్ల కార్డున్న పీసీలో పెడితే హాయిగా నడిచింది. "నాలుగేళ్లు బాగానే పనిచేసింది కదా" అన్న ఓనరు మాటా నిజమే, ఈ కార్డుకి చాలదన్నదీ నిజమే.

దాన్ని విప్పి కెపాసిటర్లు మారుద్దామని కొందరంటారు. ఏపీఎఫ్‌సీ (యాక్టివ్ పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లో ప్రైమరీ కెపాసిటర్ మీద 380 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. పవర్ ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్లు దాని మూత తీయవద్దు.

850 ఎందుకు తీసుకున్నాం అంటే: కార్డు శిఖరాన్ని ఒకటిన్నర రెట్లుగా వేసుకుంటే 480, ప్రాసెసర్ 142, మిగతావి 60. మొత్తం 682. ఎన్విడియా ఈ కార్డుకి సూచించింది 750. కొద్దిగా మిగులు, వేసవి వేడి, నాలుగేళ్ల తర్వాతి అరుగుదల కలుపుకుని 850. కొత్తగా కొనేవాళ్లు ఏటీఎక్స్ 3.0 లేదా ఆ తర్వాతి రకం అడగాలి. 2022లో వచ్చిన ఆ ప్రమాణం ఇలాంటి కుదుపుల కోసమే రాసింది: 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ (కొత్త రకం గ్రాఫిక్స్ కార్డు పవర్) సాకెట్ ఉన్న పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు తమ రేటింగ్‌కి రెట్టింపు లోడుని 100 మైక్రోసెకండ్ల పాటు ఆగకుండా మోయాలి. డబ్బా మీది గోల్డ్, ప్లాటినం బ్యాడ్జీలు కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పేవి, కుదుపుని తట్టుకునే సంగతి వాటిలో ఉండదు.

యూపీఎస్ వేరే గొడవ

కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో పీసీని ఓనరు 1100 వీఏ యూపీఎస్‌కి తగిలించి, ఆట నడుస్తుండగా మెయిన్స్ ప్లగ్గు తీస్తే పీసీ ఆరిపోయింది. డెస్క్‌టాప్ మీద ఖాళీగా ఉన్నప్పుడు తీస్తే నిలిచింది. ఇది పాత జబ్బు కాదు, కానీ ఇంటికి వెళ్లాక కరెంటు పోయిన రోజున "మళ్లీ అదే" అని ఫోను వచ్చేది, అందుకే ముందే చూడాలి.

1100 వీఏ అంటే ఈ రకం యూపీఎస్‌లో 660 వాట్లు, 600 వీఏ అంటే 360 వాట్లే. ఆటలో గోడ దగ్గర 570 దాకా పోతోంది. బ్యాటరీ మీదకి మారే కొన్ని మిల్లీసెకండ్లు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లోని నిల్వతో నెట్టుకురావాలి, లోడు ఎక్కువైతే ఆ నిల్వ తొందరగా ఖర్చవుతుంది. మారాక వచ్చేది మెట్లు మెట్లుగా ఉండే సైన్ వేవ్, ఏపీఎఫ్‌సీ ఎస్‌ఎంపీఎస్‌లలో కొన్నింటికి అది పడదు. దీనికి మందు ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్, అదీ 1000 వాట్ల తరగతిది. ఓనరు అంత ఖర్చు వద్దనుకున్నారు. ఆ యూపీఎస్‌ని రౌటర్‌కి, మానిటర్‌కి వదిలి, పీసీని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టారు. ఇంటి ఇన్వర్టర్ మీద పీసీ నడిపేవాళ్లు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి, మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఎక్కువ.

ఇంట్లో సాకెట్ దగ్గర కూడా కొలిచాం. ఫేజ్, న్యూట్రల్ మధ్య సాయంత్రం 221 వోల్టులు, బాగుంది. న్యూట్రల్, ఎర్త్ మధ్య 1.6. ఎర్త్ తెగిన ఇళ్లలో ఎర్త్ పిన్ మీద వంద వోల్టుల చుట్టుపక్కల కనిపిస్తుంది, క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది. అలా ఉంటే పీసీ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఎస్‌ఎంపీఎస్ మార్చినా తగ్గకపోతే

ఇదే లక్షణంతో వచ్చే పీసీల్లో కారణం వేరేగా ఉండే అవకాశమూ ఉంది. ముందుగా క్యాబినెట్ ముందు ప్యానెల్ నుంచి వచ్చే రీసెట్ స్విచ్ తీగని బోర్డు నుంచి పీకేసి చూడాలి. దుమ్ము పట్టి ఇరుక్కున్న రీసెట్ బటన్ కూడా లాగ్‌లో ఏ జాడా వదలదు. తర్వాత ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్ ఈపీఎస్ కనెక్టర్ క్లిప్ పడేదాకా దిగిందో లేదో, బోర్డు కింద అదనపు స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి నిలిపే స్క్రూ) ఏదైనా తగులుతోందో చూడాలి. ఇంటెల్ 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 అయితే బయోస్‌లో 0ఎక్స్12బీ లేదా దాని తర్వాతి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనిని నడిపే కోడ్) ఉందో లేదో చూడాలి. ఆ ప్రాసెసర్లు అధిక వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతినే సమస్యని 2024లో ఇంటెల్ ఒప్పుకుని వారంటీని రెండేళ్లు పెంచింది. దెబ్బతిన్న చిప్‌ని మైక్రోకోడ్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

ఈ కేసులో పాత ఎస్‌ఎంపీఎస్‌కి ఇంకా వారంటీ ఉంది. సర్వీస్ సెంటర్‌లో చిన్న టెస్టర్ తగిలించి వోల్టేజీలు చూసి "నో ఫాల్ట్" అని తిరిగిచ్చే అవకాశం ఎక్కువ. అందుకని పెట్టెతో పాటు ఒక కాగితం ఇచ్చాం: కార్డు మోడల్, 100 శాతం పవర్ లిమిట్‌లో రీస్టార్ట్, 70 శాతంలో లేదు, వేరే ఎస్‌ఎంపీఎస్‌తో లేదు, తిరిగి పెడితే ఉంది, రెండు మూడుసార్లు లాక్ అయి ప్లగ్గు తీసి పెడితే గానీ లేవలేదు, కనెక్టర్ దగ్గర లోడులో 11.63. ఆటలో ఆగుతున్న వీడియో ఒకటి, 41 ఈవెంట్ డీటెయిల్స్ స్క్రీన్‌షాట్ ఒకటి జతచేశాం. యూనిట్ మార్చి ఇచ్చారు. అది ఇప్పుడు అదే ఇంట్లో ఇంకో చిన్న పీసీలో 120 వాట్ల కార్డుతో నడుస్తోంది.